ఇంజిన్ మోగుతోంది, పడవ కదలడం లేదు: జెట్ బోటులో లోపం ఎక్కడుందో కనిపెట్టేదెలా?

థ్రాటిల్ పూర్తిగా ఇచ్చారు. ఇంజిన్ హోరెత్తుతోంది. కానీ నిన్నటిదాకా ముక్కు పైకెత్తి నీటి మీద జారిపోయిన పడవ, ఇవాళ బరువుగా నీళ్లను దున్నుకుంటూ వెళ్తోంది. జెట్ బోట్లు నడిపేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే పరిస్థితే ఇది. అప్పుడు ఎక్కువమంది నోట వచ్చే మొదటి మాట, 'ఇంజిన్ పవర్ పడిపోయింది'.

తప్పు దారి పట్టేది ఆ మాటతోనే. మెకానిక్ వచ్చి స్పార్క్ ప్లగ్‌లు విప్పుతాడు, ఫ్యూయల్ పంపు మారుస్తాడు, అవసరమనుకుంటే హెడ్ కూడా దించుతాడు. అన్నీ తిరిగి బిగించి నీళ్లలో దింపితే పడవ మళ్లీ అలాగే ఉంటుంది. చివరికి అడుగున ఉన్న జాలిలో చిక్కుకున్న ఒక ఎరువుల సంచి ముక్క బయటపడుతుంది.

జెట్ బోటులో శక్తి మూడు చోట్ల పోవచ్చు. ఇంజిన్‌లో, జెట్ పంపులో, లేదా పడవ మోస్తున్న భారంలో. ఈ మూడింటిలో ఏదో చెప్పే సాధనం కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. డ్రైవర్ కళ్లముందే ఉండే ఆర్‌పీఎం మీటర్ చాలు. దాన్ని చదవడం తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

శక్తి తగ్గితే పడవ నెమ్మదిస్తుంది, అంతేగా అనుకుంటే పొరపాటు. జెట్ బోటుకు చుక్కాని ఉండదు. వెనక నుంచి వేగంగా చిమ్మే నీటి ధారను అటూ ఇటూ తిప్పితేనే పడవ మలుపు తిరుగుతుంది. ధార బలహీనపడితే స్టీరింగ్ కూడా బలహీనపడుతుంది. ధార ఆగిపోతే స్టీరింగ్ ఎంత తిప్పినా పడవ తిన్నగానే పోతుంది. ప్రవాహానికి ఎదురెళ్తున్నప్పుడో, వరదలో చిక్కుకున్నవాళ్లను ఎక్కించుకుని వస్తున్నప్పుడో ఇది జరిగితే ప్రాణాల మీదకే వస్తుంది.

న్యూజిలాండ్ నుంచి గంగదాకా

జెట్ బోటును పనికొచ్చే వాహనంగా తీర్చిదిద్దిన ఘనత న్యూజిలాండ్‌కు చెందిన బిల్ హామిల్టన్‌ది. ఆయన పశువుల పెంపకందారు, ఇంజనీరు కూడా. వాళ్ల ప్రాంతంలో నదులు వేగంగా పారతాయి, లోతు తక్కువ, అడుగంతా గులకరాళ్లు. మామూలు ప్రొపెల్లర్ పడవ పెడితే రెక్కలు విరిగిపోతాయి. అందుకే 1950లలో ఆయన ప్రొపెల్లర్ లేని పడవ మీద పనిచేశారు. నీటిని పడవ అడుగు నుంచి లోపలికి లాగి, వెనక నుంచి బలంగా చిమ్మే ఏర్పాటు అది.

దక్షిణాసియా నదులకూ ఈ పడవలతో పాత పరిచయమే ఉంది. ఎవరెస్టును తొలిసారి ఎక్కిన ఇద్దరిలో ఒకరైన ఎడ్మండ్ హిల్లరీ, 1968లో నేపాల్‌లోని సున్ కోశి నదిలో జెట్ బోట్లు నడిపారు. 1977లో మూడు జెట్ బోట్లతో గంగాసాగర్ నుంచి గంగకు ఎదురుగా ప్రయాణం మొదలుపెట్టి, హరిద్వార్ దాటి, హిమాలయాల్లో నందప్రయాగ దగ్గరదాకా వెళ్లగలిగారు. అక్కడ ఒక జలపాతం దారి ఆపేసింది. ఆ బృందంలో బిల్ హామిల్టన్ కుమారుడు జాన్ హామిల్టన్ కూడా ఉన్నారు.

ఇవాళ మన దేశంలో ఈ పద్ధతి పెద్ద నౌకల్లోనూ ఉంది, చిన్న బండ్లలోనూ ఉంది. 2009లో భారత నౌకాదళంలో చేరడం మొదలైన కార్ నికోబార్ తరగతి గస్తీ నౌకలు వాటర్‌జెట్‌లతోనే నడుస్తాయి. గోవా నుంచి విశాఖ దాకా బీచ్‌లలో పర్యాటకులు ఎక్కే వాటర్ స్కూటర్లలో ఉండేదీ ఇదే సూత్రంతో పనిచేసే చిన్న పంపు. కాబట్టి లోపం వెతికే పద్ధతి కూడా దాదాపు ఒకటే.

పొలంలో మోటారు గుర్తుందా?

జెట్ యూనిట్‌లో నాలుగు ముఖ్యమైన భాగాలుంటాయి. పడవ అడుగున నీటిని తీసుకునే ఇంటేక్, దానికి అడ్డంగా కమ్మీల జాలి. లోపల గొట్టంలో తిరిగే ఇంపెల్లర్. ఇంపెల్లర్ వల్ల సుడి తిరుగుతున్న నీటిని తిన్నగా చేసే కదలని రెక్కలు. చివర్లో సన్నబడే నాజిల్. నాజిల్ సన్నగా ఉండడం వల్ల నీటి వేగం పెరుగుతుంది. వెనక్కి చిమ్మే ఆ ధార ప్రతిచర్యే పడవను ముందుకు నెడుతుంది. నాజిల్ వెనక కిందికి దిగే ఒక మూత ఉంటుంది. దాన్ని రివర్స్ బకెట్ అంటారు. అది దిగితే ధార ముందువైపు మళ్లి పడవ వెనక్కి వెళ్తుంది.

ఇదంతా కొత్తగా అనిపిస్తే పొలంలో నీళ్లు తోడే మోటారును గుర్తు చేసుకోండి. ఫుట్‌వాల్వ్‌కు చెత్త అడ్డుపడితే, లేదా సక్షన్ పైపులో ఎక్కడో చిల్లుపడి గాలి లాగితే ఏమవుతుంది? మోటారు తిరుగుతూనే ఉంటుంది. నీళ్లు మాత్రం రావు. మోటారు చెడిపోయిందని ఏ రైతూ అనుకోడు. ముందు వెళ్లి ఫుట్‌వాల్వ్ చూస్తాడు.

జెట్ బోటు అంటే కాళ్లొచ్చిన అలాంటి మోటారే. అదీ నీళ్లు తోడే పంపే. రైతు చేసే పనినే పడవ దగ్గరా చేయాలి. తిప్పే యంత్రాన్ని అనుమానించే ముందు, నీళ్లు సరిగ్గా అందుతున్నాయా అని చూడాలి.

ఒక్క లెక్క: ఆర్‌పీఎం చెప్పే నిజం

జెట్ పంపుకు ఒక మంచి గుణం ఉంది. అది ఎంత శక్తిని మింగుతుందన్నది దాదాపుగా అది ఎంత వేగంగా తిరుగుతోందన్న దాని మీదే ఆధారపడుతుంది. పడవలో ఇద్దరున్నారా ఆరుగురున్నారా, ఎదురు ప్రవాహమా వాలు ప్రవాహమా అన్నదానితో దానికి పెద్దగా సంబంధం లేదు. ప్రొపెల్లర్ పడవలో బరువు పెరిగితే ఇంజిన్ ఆర్‌పీఎం స్పష్టంగా పడిపోతుంది. జెట్‌లో అంతగా పడదు.

ఈ సంబంధం ఘనం లెక్కలో ఉంటుంది. అంటే ఆర్‌పీఎం రెట్టింపు కావాలంటే శక్తి 8 రెట్లు కావాలి. దీన్ని తిరగేసి చూస్తే అసలు ఉపయోగం తెలుస్తుంది. ఉదాహరణకు, అన్నీ బాగున్నప్పుడు పూర్తి థ్రాటిల్‌లో 4,000 ఆర్‌పీఎం వచ్చే ఇంజిన్‌ను తీసుకోండి.

• ఇప్పుడు 3,800 మాత్రమే వస్తోందంటే ఆర్‌పీఎం తగ్గింది 5 శాతమే. కానీ ఇంజిన్ శక్తిలో సుమారు 14 శాతం పోయింది.
• 3,600 వస్తోందంటే సుమారు 27 శాతం పోయింది.
• సరిగ్గా సగం శక్తి పోయినా ఆర్‌పీఎం 3,175 దగ్గర ఉంటుంది.

చెవితో వింటే 4,000కు, 3,800కు పెద్ద తేడా తెలియదు. అందుకే 'ఇంజిన్ శబ్దం బాగానే ఉంది' అన్న మాటను నమ్మకూడదు. మీటర్‌లో 200 తేడాను చిన్నదిగా తీసుకోకూడదు.

ఈ లెక్కకు ఒక షరతు ఉంది. పంపు మంచి స్థితిలో ఉండి, గాలి బుడగలు లేని గట్టి నీరు దానికి అందాలి. ఆ షరతు తప్పితే పంపు తన వంతు శక్తిని మింగలేదు. అప్పుడు ఇంజిన్‌కు భారం తగ్గి ఆర్‌పీఎం పెరుగుతుంది. అంటే ఆర్‌పీఎం తగ్గితే అనుమానం ఇంజిన్ మీదకు, పెరిగితే పంపు మీదకు వెళ్లాలి. మారకుండా వేగం మాత్రమే తగ్గితే పడవ భారం మీదకు వెళ్లాలి. మొత్తం పరీక్షకు మూలం ఇదే.

వేగాన్ని ఫోన్‌లోని జీపీఎస్‌తో కొలవొచ్చు. నదిలో అయితే అదే దూరం ఒకసారి ఎదురుగా, ఒకసారి వాలుగా వెళ్లి రెండు వేగాల సగటు తీయాలి. లేదంటే ప్రవాహం వేగం లెక్కలో కలిసిపోతుంది. పడవను రేవుకు కట్టేసి పూర్తి థ్రాటిల్ ఇచ్చి పరీక్షించడం మంచిది కాదు. పడవ కదలనప్పుడు పంపుకు నీరు సరిగ్గా అందక లెక్క తప్పుతుంది. తాడు తెగితే ప్రమాదం కూడా.

ఆర్‌పీఎం పెరిగింది, వేగం తగ్గింది: పంపును చూడండి

మన నీళ్లలో ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. ఇంజిన్ ఎప్పటికంటే తేలిగ్గా పైకి లేస్తుంది, పడవ మాత్రం ముందుకు పట్టదు. కొన్నిసార్లు వెనక నుంచి గులకరాళ్లు గిలక్కొట్టినట్టు చప్పుడు వస్తుంది.

మొదట చూడాల్సింది ఇంటేక్ జాలి. ప్లాస్టిక్ సంచులు, నైలాన్ వల ముక్కలు, పూజ చేసి నదిలో వదిలిన గుడ్డలు, దండలు, గుర్రపుడెక్క వేళ్లు, వరదలో కొట్టుకొచ్చే గడ్డి అన్నీ అక్కడికే చేరతాయి. జాలిలో మూడో వంతు మూసుకుపోయినా ఇంపెల్లర్‌కు చాలినంత నీరు అందదు. అప్పుడు రెక్కల వెనక ఒత్తిడి బాగా పడిపోయి, నీరు మామూలు ఉష్ణోగ్రతలోనే ఆవిరి బుడగలుగా మారుతుంది. ఆ బుడగలు పగిలేటప్పుడు వచ్చేదే ఆ గులకరాళ్ల చప్పుడు. దీన్నే కావిటేషన్ అంటారు. ఇది కొనసాగితే లోహం మీద చిన్న చిన్న గుంతలు పడి రెక్కలు పాడవుతాయి.

రెండోది గాలి. పడవ అడుగుకు, ఇంటేక్‌కు మధ్య అతుకులో సీల్ పోతే పంపు గాలి లాగుతుంది. ఇంటేక్‌కు ముందు అడుగున ఏదైనా పొడుచుకు వచ్చి ఉన్నా అంతే. బోల్టు తల కావొచ్చు, తర్వాత బిగించిన సెన్సర్ కావొచ్చు, రాయి తగిలి లేచిన ముక్క కావొచ్చు. దాని వెనక నీళ్లు చిలికి నురగై, ఆ నురగ తిన్నగా పంపులోకి పోతుంది. కొత్తగా ఏదైనా అడుగున బిగించిన తర్వాతే సమస్య మొదలైందా అని అడగడం ఎప్పుడూ మంచి ప్రశ్న.

మూడోది అరుగుదల. ఇంపెల్లర్ అంచుకు, దాని చుట్టూ ఉన్న గొట్టానికి మధ్య ఉండే సందు చిన్న జెట్‌లలో మిల్లీమీటరు కంటే తక్కువే. ఆ సందు పెరిగితే ముందుకు నెట్టిన నీరు కొంత వెనక్కే జారిపోతుంది. చాలా యూనిట్‌లలో గొట్టం లోపల మార్చుకోగలిగే వేర్ రింగ్ ఉంటుంది. రింగ్ మీద లోతైన గీతలు, ఇంపెల్లర్ అంచుల్లో నొక్కులు కనిపిస్తే కారణం దొరికినట్టే.

ఈ అరుగుదల మన ఉపఖండంలో ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన సంగతి. హిమాలయాల నుంచి దిగే నదులు వానాకాలంలో మోసుకొచ్చే ఒండ్రులో గట్టి క్వార్ట్జ్ ఇసుక చాలా ఉంటుంది. అక్కడి జలవిద్యుత్ కేంద్రాల్లో ఉక్కు టర్బైన్లను అరగదీసేది అదే. జెట్ బోటులో ఇంపెల్లర్‌కూ అదే గతి. అడుగు ఇసుక తేలిన లోతులేని చోట పూర్తి థ్రాటిల్ ఇవ్వడం అంటే పంపును ఉప్పుకాగితంతో రుద్దడమే.

పంపు వల్ల పోయిన శక్తి వచ్చిన తీరు కూడా ఒక ఆధారం. నిన్న బాగుండి ఇవాళ ఒక్కసారిగా పోయిందంటే చెత్త, లేదా రాయి దెబ్బ. నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చిందంటే అరుగుదల.

ఆర్‌పీఎం, వేగం రెండూ తగ్గాయి: ఇంజిన్‌ను చూడండి

పంపు తన వంతు భారం వేస్తోంది, ఇంజిన్ దాన్ని తిప్పలేకపోతోంది. ఇక్కడ ఖర్చు లేని వాటితో మొదలుపెట్టాలి.

థ్రాటిల్ లివర్ చివరిదాకా నొక్కినప్పుడు ఇంజిన్ దగ్గర కూడా పూర్తిగా తెరుచుకుంటోందా? కేబుల్ సాగినా, ఉప్పునీటికి బిగుసుకున్నా లివర్ చివరికి వచ్చినా ఇంజిన్‌కు ముప్పావు వంతే అందుతుంది. ఇంజిన్ ఆపి, ఒకరు లివర్ నొక్కుతుంటే మరొకరు అక్కడ చూస్తే తేలిపోతుంది.

తర్వాత ఇంధనం. నెమ్మదిగా వెళ్తే బాగుండి, పూర్తి థ్రాటిల్‌లో కొద్దిసేపు లాగి తర్వాత వాలిపోతుంటే ఇంధనం చాలడం లేదని అర్థం. ఫిల్టర్ మూసుకుపోవడం, పైపు మడతపడడం, ట్యాంకుకు గాలి పోయే సన్నని గొట్టం పూడిపోవడం దీనికి మామూలు కారణాలు. ట్యాంకు మూత కాస్త వదులు చేస్తే ఇంజిన్ కోలుకుందంటే గాలి గొట్టమే దోషి.

పెట్రోల్ ఇంజిన్లకు మన దేశంలో ఇంకో కోణం ఉంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. రోజూ తిరిగే బైకులో ఇది పెద్ద సమస్య కాదు. కానీ పడవ నెలల తరబడి నీటి పక్కనే, సగం ట్యాంకుతో పడి ఉంటుంది. తేమ ఒక హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి దిగుతాయి. ఇంజిన్‌కు ఇంధనం వెళ్లే గొట్టం ఉండేదీ ఆ అడుగునే. పాత రబ్బరు పైపులను, సీళ్లను కూడా ఇథనాల్ దెబ్బతీస్తుంది. అందుకే చాలాకాలం ఆపిన పడవను తీసేటప్పుడు ట్యాంకు అడుగు నుంచి కొంచెం పారదర్శకమైన సీసాలోకి తీసి చూడాలి. రెండు పొరలుగా కనిపిస్తే ఆ ఇంధనం పనికిరాదు. డీజిల్‌లో నీరు చేరితే ఆ నీరు, డీజిల్ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి జిగురు తయారవుతుంది. ఫిల్టర్‌ను మూసేసేది అదే.

మూడోది గాలి, నిప్పు. ఎయిర్ ఫిల్టర్ తడిసిందా? టర్బో ఉంటే దాని గొట్టం క్లిప్పు ఊడిందా? డీజిల్ ఇంజిన్ నల్లటి పొగ వదులుతుంటే ఇంధనానికి తగిన గాలి అందడం లేదని సూచన. నీలం పొగ నూనె మండుతోందని చెబుతుంది. పెట్రోల్ ఇంజిన్‌లో ఒక ప్లగ్ పనిచేయకపోయినా వణుకు తెలుస్తుంది. కంప్రెషన్ పరీక్ష, హెడ్ విప్పడం లాంటివి వీటన్నిటి తర్వాతే.

ఆర్‌పీఎం తగ్గినా తప్పు పంపు వైపు ఉండే సందర్భాలు రెండు మూడున్నాయి. షాఫ్ట్‌కు తాడు చుట్టుకోవడం, ఇంపెల్లర్‌కు గొట్టానికి మధ్య రాయి ఇరుక్కోవడం, బేరింగ్ బిగుసుకోవడం. వీటితో వణుకు, గీసుకునే చప్పుడు, బేరింగ్ దగ్గర వేడి ఉంటాయి. కొత్త ఇంపెల్లర్ వేసిన తర్వాతే ఆర్‌పీఎం తగ్గిందంటే, దాని రెక్కల వాలు ఆ ఇంజిన్‌కు ఎక్కువైందేమో చూడాలి.

ఒకే సంచి, రెండు జబ్బులు

అన్నిటికంటే ఎక్కువగా తికమక పెట్టేది వేడి. చాలా జెట్ బోట్లలో, వాటర్ స్కూటర్లలో ఇంజిన్‌ను చల్లబరిచే నీరు జెట్ పంపు నుంచే వస్తుంది. పంపు ఒత్తిడే ఆ నీటిని ఇంజిన్ దాకా నెడుతుంది. ఇంటేక్‌లో సంచి అడ్డుపడితే ముందుగా నెట్టే బలం తగ్గుతుంది. కాసేపటికి చల్లబరిచే నీరు కూడా తగ్గి ఇంజిన్ వేడెక్కుతుంది. కంప్యూటర్ ఉన్న ఇంజిన్ అయితే తనను తాను కాపాడుకోవడానికి ఆర్‌పీఎంను బలవంతంగా తగ్గించేస్తుంది. దీన్ని లింప్ మోడ్ అంటారు.

అప్పుడు మీటర్ చూసినవాళ్లకు ఆర్‌పీఎం తక్కువగా కనిపిస్తుంది, తప్పు ఇంజిన్‌ది అనిపిస్తుంది. కానీ అసలు కారణం ఇంకా ఆ సంచే. అందుకే ఒక నియమం పెట్టుకోవాలి. వేడి హెచ్చరిక వచ్చిందంటే ముందు జాలి, తర్వాత చల్లటి నీటి దారిలో ఉండే ఇసుక వడపోత, ఆ తర్వాతే ఇంజిన్. ముందు ఆర్‌పీఎం పెరిగి తర్వాత పడిందా, లేక మొదటి నుంచీ తక్కువగానే ఉందా అని డ్రైవర్‌ను అడిగితే వరుస తెలిసిపోతుంది.

ఆర్‌పీఎం మామూలే, వేగమే లేదు: పడవను చూడండి

ఇంజిన్ తన శక్తి ఇస్తోంది, పంపు దాన్ని తీసుకుంటోంది. అయినా పడవ వెళ్లడం లేదంటే ఏదో దాన్ని వెనక్కి లాగుతోంది.

రివర్స్ బకెట్ పూర్తిగా పైకి లేచిందో లేదో చూడండి. కేబుల్ కాస్త జరిగి బకెట్ అంచు ధారకు తగులుతున్నా వేగం బాగా పోతుంది. తర్వాత బిల్జి, అంటే పడవ అడుగు గదిలో చేరిన నీరు. 200 లీటర్ల నీరంటే 200 కిలోలు. ముగ్గురు ప్రయాణికులు కనిపించకుండా కూర్చున్నట్టే. రెండు పొరల ఫైబర్ పడవల్లో మధ్య నింపిన ఫోమ్ నీరు పీల్చుకుంటే ఆ బరువు బయటికి కూడా కనిపించదు. తూకం వేస్తేనే తెలుస్తుంది. ఉప్పునీటిలో కట్టేసి ఉంచిన పడవ అడుగున నాచు, గుల్లలు పెరిగి గరుకుగా మారితే అదీ వేగాన్ని తినేస్తుంది.

ఎండ, ఎత్తు: లోపం కాని లోపం

ఏ లోపం లేకుండా కూడా శక్తి తగ్గొచ్చు. ఇంజిన్‌కు కావాల్సింది గాలిలోని ఆక్సిజన్. 15 డిగ్రీల చలిలో కంటే 40 డిగ్రీల ఎండలో గాలి సాంద్రత సుమారు 8 శాతం తక్కువ. మే నెల మధ్యాహ్నం పడవ కొంచెం మందంగా ఉందంటే అది సహజమే.

ఎత్తు ప్రభావం ఇంకా ఎక్కువ. లద్దాఖ్‌లోని పాంగాంగ్ సరస్సు సముద్రమట్టానికి 4,200 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. 2021లో సైన్యం ఇలాంటి ఎత్తైన చోట్ల గస్తీకి గోవా షిప్‌యార్డ్‌తో ప్రత్యేకంగా పడవల ఒప్పందం చేసుకుంది. ఆ ఎత్తులో గాలి సాంద్రత సముద్రతీరంలో కంటే మూడో వంతుకు పైగా తక్కువ. టర్బో లేని ఇంజిన్ అదే నిష్పత్తిలో శక్తి కోల్పోతుంది. ఘనం లెక్క ప్రకారం, తీరంలో 4,000 తిరిగే జెట్ అక్కడ సుమారు 3,450 దగ్గర ఆగిపోతుంది. అది చూసి ఇంజిన్ విప్పితే దొరికేది ఏమీ ఉండదు.

నీళ్ల మధ్యలో శక్తి పోతే

రేవులో లోపం వెతకడం వేరు, ప్రవాహంలో ఉండగా అది రావడం వేరు. అప్పుడు ఈ విషయాలు గుర్తుండాలి.

ఇంజిన్ ఒక్కసారిగా గోల పెట్టి నెట్టడం మానేస్తే థ్రాటిల్ ఇంకా ఇవ్వొద్దు. తగ్గించండి. పంపు గాలిని వదిలి మళ్లీ నీటిని పట్టుకున్నాక నెమ్మదిగా పెంచండి. పూర్తిగా మాత్రం వదిలేయొద్దు. ధార లేకపోతే స్టీరింగ్ ఉండదు. ఎదురుగా అడ్డం కనిపించగానే చెయ్యి అసంకల్పితంగా థ్రాటిల్ వదిలేయాలని చూస్తుంది. జెట్ బోటులో తప్పించుకోవాలంటే మలుపు తిరిగేదాకా కొంత థ్రాటిల్ ఉంచాలి.

అడ్డులేని చోటికి చేరాక ఇంజిన్ ఆపితే లోపలికి లాగే బలం పోయి, జాలికి అంటుకున్న ఆకులు, సంచులు చాలాసార్లు వాటంతటవే జారిపోతాయి. జారకపోతే లంగరు వేసి తీయాలి. చెయ్యి ఇంటేక్ దగ్గరికి వెళ్లే ముందు ఇంజిన్ ఆపి, తాళం తీసి, ఆ తాళాన్ని చెయ్యి పెట్టే మనిషి జేబులోనే వేసుకోవాలి. ఇంపెల్లర్‌కు చెయ్యికీ తాడుకీ తేడా తెలియదు. వేలాడే లైఫ్ జాకెట్ పట్టీలు, పొడవాటి జుట్టు, చీర కొంగు, చున్నీ ఇంటేక్ దగ్గరికి పోకూడదు.

జెట్ ఉంది కదా అని తెడ్లు, లంగరు వదిలేసి బయల్దేరకూడదు. శక్తి పోయిన జెట్ బోటు అంటే చుక్కాని కూడా లేని తెప్ప.

ఏ వరుసలో చూడాలి?

1. ఇంజిన్ ఆపి, తాళం తీసి, ఇంటేక్ జాలి, నాజిల్, రివర్స్ బకెట్ చూడండి.
2. బిల్జిలో నీరు తోడేయండి.
3. లోతున్న నీటిలో పూర్తి థ్రాటిల్‌లో ఆర్‌పీఎం, వేగం రాసుకోండి. మామూలు అంకెలతో పోల్చండి.
4. ఆర్‌పీఎం పెరిగితే ఇంటేక్ సీల్, ఇంపెల్లర్ అంచులు, వేర్ రింగ్ సందు.
5. తగ్గితే ఉష్ణోగ్రత, థ్రాటిల్ కేబుల్, ఇంధనం, గాలి, ప్లగ్‌లు. చివరిగా కంప్రెషన్.
6. మారకపోతే బరువు, అడుగు గరుకుదనం, బకెట్ కేబుల్. ఆర్‌పీఎం మీటరే తప్పు చూపిస్తోందేమో కూడా.
7. ఒకసారికి ఒక్కటే మార్చండి. మూడు కలిపి మారిస్తే ఏది నయం చేసిందో తెలియదు.

పడవను ఒడ్డున పెట్టి ఇంజిన్ నడిపి చూడాలనుకుంటే, నీరు లేకుండా కొన్ని సెకన్లకు మించి వద్దు. పైపుతో చల్లబరిచే నీరు ఇచ్చే వాటర్ స్కూటర్లలో ముందు ఇంజిన్, తర్వాత నీరు. ఆపేటప్పుడు ముందు నీరు, తర్వాత ఇంజిన్. వరుస మారితే నీరు ఇంజిన్ లోపలికే పోవచ్చు.

ఈ పద్ధతి అంతా ఒక్కదాని మీద నిలబడి ఉంది. అదే 'మామూలు అంకెలు'. పడవ ఆరోగ్యంగా ఉన్నప్పుడు పూర్తి థ్రాటిల్‌లో ఎంత ఆర్‌పీఎం వచ్చేదో, ఎంత వేగం వెళ్లేదో తెలియకపోతే ఇవాళ్టి 3,600 మంచిదో చెడ్డదో ఎవరూ చెప్పలేరు. పడవ కొన్న రోజునో, సర్వీసింగ్ అయిన మర్నాడో ఐదు నిమిషాలు వెచ్చించి ఈ రెండు అంకెలు, ఆ రోజు ఎందరున్నారో, ట్యాంకు ఎంత నిండి ఉందో ఒక పుస్తకంలో రాసిపెట్టాలి. పర్యాటకులను తిప్పే పడవలకైనా, వరదల్లో సహాయానికి వెళ్లే పడవలకైనా ఆ పుస్తకం స్పానర్ల పెట్టె అంత అవసరం. వానాకాలం మొదలయ్యే ముందు మళ్లీ ఒకసారి నడిపి అంకెలు సరిచూసుకుంటే, లోపం రేవులోనే బయటపడుతుంది. ప్రవాహం మధ్యలో, మనుషులు ఎక్కి ఉన్నప్పుడు కాదు.